ఎలుక కొట్టిన చేట

ఆరేళ్ళు. ఒకటా రెండా, ఆరేళ్ళు సన్యాసిరావు ముఖలింగం గారి దగ్గర బొమ్మలు గీస్తూనే ఉన్నాడు. ఆయన ట్రంకు పెట్టెలోకి మాత్రం అతని కాగితం ఒక్కటీ ఎక్కలేదు.

ఆ పెట్టె సంగతి ముందు చెప్పాలి. నాగావళి ఒడ్డున వంగరమెట్ట అనే ఊళ్ళో ముఖలింగం గారిది చిన్న పెంకుటిల్లు. వసారాలో పచ్చరంగు రేకు పెట్టె ఒకటి ఉండేది. ముప్పై ఏళ్ళ పాటు ఆయన గీసిన బొమ్మలన్నీ అందులోనే ఉండేవి. దేవుళ్ళు కాదు, రాజులూ రాణులూ అంతకంటే కాదు. రోలు, తిరగలి, కవ్వం, కత్తిపీట, ఉట్టి, కుంచం, ఆవు మెడలో గంట. మనిషి చేత్తో చేసినదై, మనిషి చేతిలో అరిగినదైతేనే ఆయన కలం తీసేవారు.

“అంత చెయ్యి పెట్టుకుని చీపుళ్ళ బొమ్మలేంటండీ?” అని ఊళ్ళోవాళ్ళు నవ్వేవారు.

“మీ ఇంట్లో చీపురు లేకుండా నాలుగు రోజులుండి చూపించండి. ఐదోరోజు మీరు అడిగిన బొమ్మ గీస్తాను,” అనేవారాయన.

ఆయన కొలత ఒక్కటే. రేపు ఆ వస్తువు లోకంలో లేకుండా పోయినా, బొమ్మని చూసి పనివాడు దాన్ని మళ్ళీ చేయగలగాలి. అలా చేయగలిగితేనే కాగితం పెట్టెలోకి వెళుతుంది. బొమ్మ కింద రెండు పేర్లు రాసేవారు, చేసినవాళ్ళ పేరు, వాడినవాళ్ళ పేరు. తన పేరు ఎక్కడా రాసుకోలేదు.

సన్యాసిరావు పార్వతీపురంలో సినిమా బోర్డులు వేసి వచ్చినవాడు. నిజం చెప్పొద్దూ, చెయ్యి బంగారం. అతను గీసిన ఇత్తడి చెంబు మీద మెరుపు చూస్తే మొహం చూసుకోబుద్ధేసేది. అయినా గురువుగారు ప్రతి బొమ్మనీ చూడటం, “బాగుంది నాయనా” అనడం, తిరిగి ఇచ్చేయడం. అంతే. బాగున్నదాన్ని పెట్టెలో ఎందుకు పెట్టరో అతనికి అంతుపట్టేది కాదు. అడగాలంటే అహం అడ్డం వచ్చేది.

ఇలా ఉండగా, ఆ వేసవి మొదట్లో పట్నం నుంచి చక్రపాణి గారని ఒకాయన జీపులో దిగారు. పల్లెటూరి వస్తువుల మీద పెద్ద పుస్తకం అచ్చు వేయిస్తున్నారట, దానికి ఆయన సంపాదకుడు. పెట్టె తెరిపించి కాగితాలు ఒక్కొక్కటీ చూశారు. చూసినకొద్దీ మొహం ముడుచుకుపోయింది.

“అన్నీ పగుళ్ళే, అన్నీ అతుకులే! ఊళ్ళో మంచి వస్తువు ఒక్కటీ దొరకలేదా మాస్టారూ మీకు?”

“మంచివే గీశానండీ,” అన్నారు ముఖలింగం గారు.

“సొట్ట పోయిన గిన్నెని అచ్చు వేస్తే ఎవరు చూస్తారు? మన పరువేం కావాలి?”

ముఖలింగం గారు ఆయనకి మజ్జిగ ఇచ్చారు. వెళ్ళిపోయేటప్పుడు జీపు దాకా సంచీ మోసింది సన్యాసిరావు. చక్రపాణి గారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

“వసారాలో ఉన్న నీ బొమ్మలు కూడా చూశానోయ్. మీ గురువుగారి గీత కంటే నున్నగా ఉంది. మచ్చా మరకా లేకుండా ఒక్కటి గీసి ఉంచు. నెల తిరగ్గానే వస్తాను. పుస్తకం అట్ట మీద వేయిస్తాను. కింద నీ పేరు కూడా.”

నీ పేరు. ఆ రెండు మాటలూ సన్యాసిరావు చెవిలో చీమల్లా తిరగడం మొదలుపెట్టాయి.

ఆ వారంలోనే చేట దొరికింది.

ముఖలింగం గారు వసారాలో అన్నం తింటున్నారు. ఎదురింటి అప్పాయమ్మ పాత చేటలో పిడకలు పోసుకుని వీధిలో పోతోంది. ఆయన ముద్ద కంచంలో వదిలేసి, ఎంగిలి చేత్తోనే వీధిలోకి పరిగెత్తారు.

“అప్పాయమ్మా, ఆగు! అది చోళ్ళ చేట కాదూ? దాలమ్మ అల్లింది కాదూ?”

“ఓలమ్మ, మరెవులల్లుతారు బాబూ! నా పెళ్ళికి అల్లిచ్చింది. ఇప్పుడిలా పిడకలకి మిగిలింది.”

ఆ చుట్టుపక్కల చోళ్ళ చేటంటే దాలమ్మదే. చోళ్ళంటే రాగులు, ఆవగింజల్లాంటివి, మామూలు చేటలో పోస్తే అల్లిక సందుల్లోంచి జారిపోతాయి. మేదర దాలమ్మ చేట రెండు పొరలుగా అల్లేది. మీది పొర సన్నం, కింది పొర మోటు. అయినా తేలిగ్గా ఉండేది, ఒక్క గింజ జారేది కాదు. ఆ రెండు పొరల్నీ లోపల ఎలా కట్టేసేదో ఎవరికీ తెలియదు. “పెద్దదానివయ్యాక నేర్పుతానే,” అని మనవరాలు పోలమ్మతో అంటూ ఉండేది. పోలమ్మ పెద్దదయ్యేలోపే దాలమ్మ జ్వరంతో పోయింది. ఊళ్ళో చేటలన్నీ ఒక్కొక్కటీ అరిగిపోయాయి. ఇంక ఒక్కటీ లేదనే అందరూ అనుకున్నారు.

పేడ అంటుకుని ఉన్న ఆ చేటని గురువుగారే నూతి దగ్గర కడిగారు. ఎనిమిది రోజుల్లో తిరిగి ఇస్తానని అప్పాయమ్మకి మాటిచ్చారు. వస్తువుని చెప్పిన రోజుకి ఇంటికి చేర్చడం ఆయనకి దీపం పెట్టినంత నియమం. కడిగిన చేటని తెచ్చి సన్యాసిరావు ఒళ్ళో పెట్టారు.

“ఇది నువ్వు గీయి.”

“నేనా? మీరు గీయరా?”

“ఒక వస్తువుకి ఒక చెయ్యి చాలు. ఉన్నది ఉన్నట్టు గీయి,” అని, ఆయన ఆవకాయ పనిలో పడిపోయారు.

సన్యాసిరావు చేటని వెలుగులో పెట్టి తిప్పి చూశాడు. ఎంత పని! బద్దలు దారాల్లా ఉన్నాయి. కానీ ఎడమ మూల ఎలుక కొట్టేసింది. అరచెయ్యి పట్టేంత కంత. దాని మీద అప్పాయమ్మ ఎప్పుడో చీర పేలిక వేసి, మెంతుల ముద్దతో అతికించింది. అది సగం ఊడి వేలాడుతోంది. పేలిక కింద విరిగిన బద్దలు పళ్ళూడిన నోరులా కనిపించాయి. అతనికి ప్రాణం ఉసూరుమంది.

దాలమ్మ దీన్ని ఇలా ఇచ్చిందా అప్పాయమ్మకి? పెళ్ళికి కానుకగా కంత పెట్టి ఇచ్చిందా? లేదే!

అతను ఎనిమిది రోజులు తిండీ నిద్రా సరిగా లేకుండా గీశాడు. కుడి మూల ఎలా ఉందో ఎడమ మూలా అలాగే వేశాడు. పేలికని తీసేశాడు. ఆ కంత ఉన్నచోట అల్లికని పూర్తిచేయడానికే మూడు రోజులు పట్టింది. విరిగిన ప్రతి బద్దా ఎక్కడ ఆగిందో చూసి, అక్కడి నుంచి దాన్ని పొడిగించి పక్కదానితో కలిపాడు. ఎక్కడా అతుకు తెలియకూడదు మరి. ఎనిమిదో రోజుకి కాగితం మీద చేట పెళ్ళినాటి చేటై కూర్చుంది. చక్రపాణి గారి అట్ట కోసం ఒక నకలు కూడా తీసి దాచుకున్నాడు.

ముందు చేటని అప్పాయమ్మకి ఇచ్చి వచ్చాడు. ఊరుకున్నాడా? లేదు. గుమ్మంలో నిలబడి గొప్పలు పోయాడు.

“అత్తా, నీ చేట బొమ్మలో పడింది. ఇంక దీనికి చావు లేదు తెలుసా!”

“నా నాయనే! బాగా సెప్పావల్లుడూ,” అంది అప్పాయమ్మ మురిసిపోతూ.

తర్వాత బొమ్మని గురువుగారి ముందు పెట్టాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు. వేలితో ఎడమ మూల తడిమారు.

“ఇక్కడ కంత ఉండాలి కదరా?”

సన్యాసిరావు ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. ఆరేళ్ళ ఉక్రోషం ఒక్కసారి బయటికి తన్నుకొచ్చింది.

“ఉంది గురువుగారూ. కావాలనే గీయలేదు. నేను దాలమ్మ పనితనం గీశాను. ఎలుక పనితనం గీయలేదు. ఆ మహాతల్లి అంత కష్టపడి అల్లితే, కాగితం మీద కూడా ఎలుకకి వాటా ఇవ్వాలా? మనం కాపాడేది అందాన్నా, దరిద్రాన్నా?”

గురువుగారు కోపగించుకోలేదు. లేచి లోపలికి వెళ్ళి, ముందురోజే కలిపిన ఆవకాయ జాడీ తెచ్చి అరుగు మీద పెట్టారు. సన్యాసిరావు బొమ్మని దాని మూతి మీద పరిచారు. చుట్టూ అదిమి, పురికొస నాలుగు చుట్లు చుట్టి, గట్టిగా ముడి వేశారు. చక్కని వాసెన. చేట బొమ్మ జాడీ మీద టోపీలా కూర్చుంది.

“సరిపోయింది,” అని జాడీ లోపల పెట్టేశారు.

సన్యాసిరావుకి ఒళ్ళంతా మండిపోయింది. మరి మండదా! ఎనిమిది రోజుల కష్టం ఊరగాయ పాలు! గురువు కాబట్టి సరిపోయింది, మరొకరైతే జాడీ ఎత్తి వీధిలోకి విసిరేవాడు.

“మీ కొలతేగా మీకు కావాలి? నా దగ్గర నకలుంది. దాన్ని చూసి పోలమ్మ చేత చేట అల్లించుకొస్తాను. అప్పుడు పెట్టెలో పెడతారా?” అన్నాడు.

“ఎందుకు పెట్టనూ? పెడతాను,” అన్నారు ముఖలింగం గారు. “వెదురు పచ్చిది తీసుకోమను.”

మేదర వీధిలో పోలమ్మ గుమ్మం ముందు బుట్ట అల్లుతోంది. బొమ్మ చూడగానే చేతిలో పని పక్కన పెట్టి లేచింది. కొంగుతో చేతులు తుడుచుకుని మరీ కాగితం పట్టుకుంది.

“మా మామ్మ సేట! బాబూ, మా మామ్మదే!” అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “నాను రెండుమార్లు అల్లబోయి పాడుసేసినాను. ఎక్కడ సూసి గీసినావు?”

“అదంతా తర్వాత చెబుతాను. దీన్ని చూసి అల్లగలవా?”

“ఎందుకల్లనేను? ఇంత బాగా కనిపిస్తంటే!”

మూడు రోజులు అతను ఆ గుమ్మం వదలలేదు. పోలమ్మ పచ్చి వెదురు చీల్చింది, కత్తితో బద్దల్ని గీకి గీకి దారాల్లా చేసింది. బొటనవేలి సందున బద్ద బిగించి మీది పొర అల్లుతుంటే చూడముచ్చటగా ఉంది. కింది పొర కూడా అయింది. మూడోనాడు రెండూ కలిపి అంచు కట్టింది. ఒక సోలెడు చోళ్ళు పోసి చెరిగింది.

నాలుగు చెరుగులకి పొరలు రెండూ నోరు తెరిచాయి. గింజలన్నీ లోపలికి పోయి కూర్చున్నాయి.

ఆమె విప్పింది. మళ్ళీ కట్టింది. మళ్ళీ నోరు తెరిచింది. మూడోసారి అంచు బద్ద టప్పుమని విరిగింది. పోలమ్మ చేటని నేలకేసి కొట్టింది. కాగితం తీసుకుని సన్యాసిరావు మొహం ముందు పెట్టింది.

“ఇదేటి బాబూ ఇది? పైన పైన గీసినావు. మా మామ్మ ఈ రెండింటినీ లోపల దేనితోనో కట్టినాది. అదేదీ? తలుపు నేని ఇల్లు గీసి లోపలికి పొమ్మంటే ఎలాగెల్తాను?”

“ఉన్నదంతా గీశాను పోలమ్మా.”

“నేదు. నువ్వేదో మింగేసినావు.”

మొహం మీద కొట్టినట్టే చెప్పింది. పేలిక కింద విరిగిన బద్దల మధ్య నుంచి ఏదో ఏటవాలుగా పోవడం అప్పుడు గుర్తొచ్చింది. అన్ని బద్దలూ నిలువూ అడ్డం. అదొక్కటే ఏటవాలు. దాన్నే తను మూడు రోజులు కష్టపడి మూసేశాడు.

ఒక్క పరుగున అప్పాయమ్మ ఇంటికి వెళ్ళాడు.

“అత్తా! చేటేదీ? ఒక్కసారివ్వు. ఒక్క గంటలో ఇచ్చేస్తాను.”

అప్పాయమ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుంది.

“అయ్యో, ఇంకెక్కడి సేట అల్లుడూ! నువ్విచ్చిన మర్నాడే నీళ్ళకాగు కింద పెట్టీసాను. ఎంత బాగా మండిందో!”

“కాల్చేశావా?”

“సావు నేదన్నావు కదేటి దానికి? బొమ్మలో పడిందన్నావు. మరింక ఈ కట్టె ఎందుకనుకున్నాను. నీ మాట మీదే కదా పెట్టాను!”

ఆమె తప్పేముంది? అరిగిన చేట పొయ్యిలోకి పోక ఎక్కడికి పోతుంది? సన్యాసిరావు నీళ్ళకాగు దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. బూడిద కూడా మిగల్లేదు. గిన్నెలు తోమడానికి తీసేసింది.

ఇల్లు చేరాక వసారాలో స్తంభానికి ఆనుకుని కూలబడ్డాడు. ముఖలింగం గారు రోకలి చివరి ఇనప పొన్ను గీస్తున్నారు. తలెత్తలేదు.

“చంపేశాను గురువుగారూ,” అన్నాడు సన్యాసిరావు. “లోకంలో ఉన్నది ఒక్కటే. నేనే చంపేశాను. కాలిపోయిందట.” జరిగిందంతా చెప్పి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “మీరైనా ఒక్క గీత గీసి ఉంచారా? చిత్తుకాగితం మీదైనా?”

“నీకిచ్చాక నేనెందుకు గీస్తాను?”

“మరిప్పుడెలా?”

ముఖలింగం గారు కలం కింద పెట్టారు. ఒక తెల్ల కాగితం తీసి అతని ముందుకు జరిపారు.

“కంత గీయి.”

“చేటే లేదు కదండీ!”

“మూడు రోజులు దాచావు. ఏం దాచావో నీకంటే ఎవరికి తెలుస్తుంది?”

ఆయన మళ్ళీ రోకలి పొన్ను మీదికి వంగారు. సన్యాసిరావు కాగితాన్ని చూస్తూ కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నిజమే. ఒకదాన్ని అతుకు తెలియకుండా మూసిపెట్టాలంటే దాని అంచులన్నీ కంఠతా రావాలి. ఏ బద్ద ఎక్కడ విరిగింది, ఏది పొడుగు, ఏది పొట్టి, ఏది లోపలికి వంగింది, ఒక్కొక్కటీ అతను కొలిచినవే. ఈసారి వాటిని పొడిగించలేదు. విరిగినచోట విరిచే వదిలాడు. పేలిక వేలాడదీశాడు. దాని మీద మెంతుల ముద్ద ఎండి పెచ్చులైన తీరు కూడా వేశాడు. కంత లోపల ఆ ఏటవాలు బద్ద చేట వెనక మూల నుంచి బయలుదేరింది. కింది పొరలో ఒకదాని మీదుగా, రెండింటి కిందుగా పోయింది. తర్వాత మీది పొరలోకి లేచి...

అక్కడ కలం ఆగిపోయింది. లేచాక అది ఎడమకి తిరిగిందా, కుడికా? ఆ మేర పేలిక ఊడలేదు. అతను చూడలేదు. ఎటో ఒకటి గీసేయొచ్చు, కంటికి అందంగానూ ఉంటుంది. గీయలేదు. ఆ వేలెడు మేర తెల్లగా వదిలేసి, పక్కన “చూడలేదు” అని రాశాడు.

కింద పేర్లు రాశాడు. చేసినది: మేదర దాలమ్మ. వాడినది: అప్పాయమ్మ. కాసేపు ఆలోచించి ఇంకొకటి చేర్చాడు. కొట్టినది: ఎలుక.

లేచి లోపలికి వెళ్ళాడు. పోలమ్మ తన మొహం ముందు పెట్టిన నకలు జేబులో ఉంది. మాగాయ జాడీ మూతి మీద దాన్ని పరిచి, పురికొసతో తానే కట్టాడు. అట్ట మీద బొమ్మ, కింద తన పేరు, అన్నీ కలిపి గట్టిగా ముడి వేశాడు. ముఖలింగం గారు వసారాలోంచి చూశారు.

పోలమ్మ కొత్త కాగితాన్ని వెంటనే అందుకోలేదు.

“ఇందులో ఏటి మింగినావు?”

“ఏమీ మింగలేదు. తెలియనిది మాత్రం వదిలేశాను.”

ఆమె కాగితాన్ని నేల మీద పరిచి, దాని ముందు గొంతుక్కూర్చుంది. కంతలో వేలు పెట్టినట్టు బొమ్మ మీద వేలు పెట్టింది. ఏటవాలు బద్దని పట్టుకుని నెమ్మదిగా జరుపుకుంటూ వచ్చింది. తెల్లగా వదిలేసినచోట ఆగింది. పెదవులు కదిలాయి. ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది.

“ఓసి మామ్మో! ఇటునుంచా నువ్వెల్లింది!”

“ఏమిటి? ఎటు తిరిగింది?”

“ఎటు తిరిగితేనేటి? రెండువేపులా అల్లి సూస్తాను. ఒకటి పాడైతే రెండోది అవుద్ది. నాకు గుమ్మం సూపించినావు, సాలు. లోపల మా ఇల్లే కదేటి!”

మొదటిది పాడైంది. రెండోది నిలిచింది. పోలమ్మ చోళ్ళు పోసి చెరిగితే చేట గలగలమంది. దుమ్ము ఎగిరిపోయింది, రాళ్ళు ఒక మూలకి చేరాయి, ఒక్క గింజ జారలేదు. మేదర వీధి ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. పోలమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పడం కష్టం.

ఆ చేటనీ బొమ్మనీ సన్యాసిరావు తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు. ఆయన చేటని చూడలేదు. బొమ్మే చూశారు. “చూడలేదు” అన్నచోట వేలు ఆగింది. కింది పేర్ల దగ్గరికి వచ్చి, ఎలుక పేరు చదివి, పొట్ట పట్టుకుని నవ్వారు. ఆరేళ్ళలో ఆయన అంతలా నవ్వగా సన్యాసిరావు చూడలేదు. తర్వాత వంగి ట్రంకు పెట్టె మూత ఎత్తారు. ఎత్తి, పట్టుకుని నిలబడ్డారు.

సన్యాసిరావు తన కాగితాన్ని తన చేత్తోనే లోపల పెట్టాడు.

అన్నట్టే నెల తిరగ్గానే జీపొచ్చింది. చక్రపాణి గారు గుమ్మంలోంచే కేకేశారు.

“ఏమోయ్ సన్యాసిరావ్, మన అట్ట బొమ్మ సిద్ధమా?”

అతను పెట్టె తెరిచి చేట బొమ్మ తీసి ఇచ్చాడు. చక్రపాణి గారు ఒకసారి చూశారు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు.

“ఇదేంటయ్యా! పిడకల చేటా? పెద్ద కంత! పైగా పేలికొకటి!”

“అవునండీ.”

“ఎలుక పేరు కూడా రాశావు! వేళాకోళంగా ఉందా?”

“లేదండీ. ఎలుక కొట్టబట్టే లోపల ఏముందో తెలిసింది. ఆ పేరు తీయడానికి వీల్లేదు.”

చక్రపాణి గారు చెడ్డవారేం కాదు. కుర్రాడు చేజేతులా అదృష్టం తన్నుకుంటున్నాడని ఆయన బాధ. కూర్చుని, నచ్చచెప్పే గొంతుతో అన్నారు:

“చూడు బాబూ. ఈ కంత కాస్త పూడ్చెయ్యి. నీకది గంట పని. పుస్తకం పదికాలాలుంటుంది. నీ పేరూ ఉంటుంది.”

“పూడ్చనండీ.”

“పూడ్చకపోతే అట్ట మీదే కాదు, లోపల కూడా వేయను. మరి నీ ఇష్టం.”

“వేయకండి,” అన్నాడు సన్యాసిరావు. “వేస్తే కంతతోనే వేయండి. లేకపోతే మా పెట్టెలోనే ఉంటుంది. పోలమ్మకి కావలసినప్పుడు వచ్చి చూసుకుంటుంది.”

“మాస్టారూ, మీరైనా చెప్పండి!”

ముఖలింగం గారు వసారాలో కూర్చుని కలానికి పాళీ మారుస్తున్నారు. చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదన్నట్టు చేతులు చూపించారు.

చక్రపాణి గారు విసుగ్గా లేచారు. లేచినప్పుడు లోపలి గదిలో గోడవారన రెండు జాడీలు కనిపించాయి. గుమ్మం దాకా వెళ్ళి తొంగి చూశారు. ఆవకాయ జాడీ మీద, నూనె మరకల మధ్య, పెళ్ళినాటి చేట. మచ్చ లేదు, కంత లేదు, ప్రతి బద్దా ముత్యంలా ఉంది.

“ఇదీ! ఇదీ బొమ్మంటే! ఎవరయ్యా దీన్ని జాడీకి కట్టింది? మతుండే కట్టారా?” అంటూ లోపలికి అడుగేసి పురికొస ముడి మీద చెయ్యి వేశారు.

సన్యాసిరావు వెళ్ళి జాడీ మీద అరచెయ్యి ఆనించాడు.

“తీయకండి. ఆవకాయకి గాలి తగులుతుంది.”

చక్రపాణి గారు అతని మొహంలోకి చూశారు. ఏం కనిపించిందో ఏమో, ముడి వదిలేశారు. జీపు వెళ్ళిపోయింది. దుమ్ము లేచి వసారా దాకా వచ్చింది.

సన్యాసిరావు వచ్చి గురువుగారి పక్కన కూర్చున్నాడు. ఆయన కొత్త పాళీని గోటి మీద పరీక్షించుకుని, కలం అతని చేతికిచ్చారు.

“అప్పాయమ్మ కవ్వం విరిగిందట. పరిగెత్తు, అతికించకముందే పట్టుకురా.”